నెబ్రిహా వ్యాకరణము

స్పానిష్ భాష నభ్యసించు విద్యార్థి మొదట కొంత సంతసించును. 'ఆబ్లార్' అనగా మాట్లాడుట. 'ఆబ్లో' అనిన మాట్లాడుచున్నాను. వర్తమానమున 'నేను' అను నర్థమునకు తుది ఓకారము చాలును గదా యనుకొనును. అంతలో 'తెనేర్' (కలిగియుండుట) 'తెంగో' యగును. 'సాబేర్' (ఎఱుగుట) ఒక్క 'సే' గా మిగులును. 'దార్' (ఇచ్చుట) 'దోయ్' అగును. 'ఇర్' (పోవుట) గుర్తుపట్టరాని 'వోయ్' అగును. పాపము, కంఠస్థము చేయక గత్యంతరము లేదు.

ఈ భాషకు తొలి ముద్రిత వ్యాకరణము రచించినవాడు ఆంతోనియో దె నెబ్రిహా. సెవీల్ నగరమునకు చేరువనున్న లెబ్రిహాలో పదునైదవ శతాబ్ది నడుమ జన్మించెను. సలమాంకాలో చదివి, ఇటలీలోని బొలోన్యాకేగి, లాటిన్‌లో పారంగతుడై స్వదేశమునకు వచ్చి అధ్యాపకుడయ్యెను. 1481లో వెలువడిన లాటిన్ పాఠ్యగ్రంథముతో కీర్తి గడించెను.

తల్లి యొడిలో నేర్చు భాషకు సూత్రములేల యనుకొను రోజులవి. ఇసాబెల్ రాణియే దాని ప్రయోజనమేమని యడిగెనట. నెబ్రిహా నోరు తెఱచులోపలనే ఆవిలా బిషప్పు బదులిచ్చెను: జయింపబడిన జాతులకు విజేతల శాసనములతోపాటు భాషయు నేర్పవలసియుండును గదా యని. ఇది రాణికి నచ్చియుండవచ్చును. పరుల యేలుబడి చవిచూచిన మనకు మాత్రము చేదుగానే యుండును. 1492 ఆగస్టు 18న గ్రంథము ముద్రితమయ్యెను. కొలంబసు ఓడలు కదలి అప్పటికి పదునైదు దినములు.

గ్రంథమున కడపటిదగు నైదవ భాగము పరభాషీయులకై వ్రాసినది. మన విద్యార్థి చిక్కులకు మూలమిచ్చట దొరకును. ఆనాడు జనులు 'దో' అనియు 'దోయ్' అనియు, 'వో' అనియు 'వోయ్' అనియు పలుకుచుండిరి. నెబ్రిహా ఏ రూపమును నిందింపలేదు. ఏకాక్షర క్రియలు మిక్కిలి పొట్టివగుటచే అందమునకై యొక్కొక్కప్పుడు ఇకారము చేర్తురని వ్రాసెను. ఆ యికారము పుట్టుకపై భాషావేత్తలు నేటికిని ఏకాభిప్రాయమునకు రాలేదు. కాని అందమునకై చేర్చిరని యాతడన్న యక్షరమే నియమమై నిలిచి, పాత రూపములు మఱుగుపడెను.

బైబిలు పాఠమును సైతము వ్యాకరణదృష్టితో పరిశీలింపబూనుటచే మతవిచారణాధికారి దేసా ఆయన వ్రాతలను స్వాధీనము చేసికొనెను. నెబ్రిహా వెనుదీయక ఆత్మసమర్థనము వ్రాసెను. 1513లో సలమాంకా ఆచార్యపీఠమునకు పోటీచేసి, ఆ వృద్ధగురువు ఓడిపోయెను. కార్డినల్ సిస్నేరోసు ఆదరింపగా ఆల్కలాలో బోధించుచు 1522లో కన్నుమూసెను.

లాటిన్ పాఠ్యగ్రంథము ఆయన జీవితకాలముననే పెక్కుసారులు అచ్చయ్యెను. కాస్తీల్యా భాషా వ్యాకరణము పదునెనిమిదవ శతాబ్ది దాక రెండవ ముద్రణకు నోచుకొనలేదు.