తొరపల్లి కథల తాతయ్య

తొరపల్లి మన పిల్లలకు కొత్త ఊరేమీ కాదు. హోసూరు దగ్గరి పల్లె. అక్కడ రాజాజీ పుట్టిన ఇల్లు ఇప్పుడు ప్రభుత్వ స్మారకం. బడి నుంచి పిల్లల్ని తీసుకెళ్తాం. స్వతంత్ర భారతదేశంలో గవర్నర్ జనరల్ పదవిలో కూర్చున్న ఒకే ఒక్క భారతీయుడు ఈ ఇంట్లో పుట్టారని చెబుతాం. వరుసగా నిలబెట్టి ఫొటో తీసి బస్సెక్కిస్తాం. దాంతో రాజాజీ పాఠం ముగిసిపోతుంది. ఆయన కథలు కూడా రాశారన్న మాట చెప్పడం మరిచిపోతాం. ఉపాధ్యాయుడిగా నేనూ చాలా ఏళ్ళు మరిచిపోయాను. ఈ వ్యాసం ఆ పొరపాటును దిద్దుకోవడానికే.

మునసబు గారి మూడో అబ్బాయి

చక్రవర్తి రాజగోపాలాచారి 1878 డిసెంబరు 10న పుట్టారు. తండ్రి వెంకటార్య అయ్యంగారు తొరపల్లి మునసబు. తల్లి సింగారమ్మ. ఆయన వాళ్ళకు మూడో కొడుకు. అప్పట్లో మన ప్రాంతమంతా సేలం జిల్లా. ధర్మపురి జిల్లా 1965లో, అందులోంచి కృష్ణగిరి జిల్లా 2004లో ఏర్పడ్డాయి. తమిళం, తెలుగు, కన్నడం మూడూ వినిపించే నేల ఇది. సంతలో ఒక భాష, ఇంట్లో ఒక భాష, బడిలో మరో భాష అన్నది ఇక్కడ ఈనాడు మొదలైన సంగతి కాదు.

పిల్లవాడికి ఐదేళ్ళప్పుడు కుటుంబం హోసూరుకు మారింది. అక్కడి ప్రభుత్వ పాఠశాలలో చదువు సాగింది. తర్వాత బెంగళూరు సెంట్రల్ కాలేజీలో బీఏ, మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో న్యాయశాస్త్రం చదివారు. 1900లో సేలంలో ప్లీడరుగా స్థిరపడ్డారు. పేరూ డబ్బూ బాగానే వచ్చాయి. భార్య అలమేలు మంగమ్మ ఐదుగురు పిల్లల్ని వదిలి చిన్న వయసులోనే కన్నుమూశారు. ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు.

ఉపాధ్యాయులు గుర్తుపెట్టుకోవలసిన ఒక పని ఆయన సేలంలోనే చేశారు. 1916లో కొందరు మిత్రులతో కలిసి తమిళ శాస్త్ర పదాల సంఘం పెట్టారు. సైన్సును సొంత భాషలో చెప్పాలంటే ముందు మాటలు కావాలి కదా. తర్వాతి కాలంలో ఆయనే తిణ్ణై రసాయనం అనే పుస్తకం రాశారు. తిణ్ణై అంటే అరుగు. అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పినంత తేలిగ్గా రసాయన శాస్త్రం చెప్పవచ్చని చూపారు. తెలుగు మాధ్యమంలో సైన్సు చెప్పే మనలాంటివాళ్ళకు ఇది చిన్న ధైర్యం కాదు.

ఆశ్రమంలో పుట్టిన కథలు

1917లో రాజాజీ సేలం పురపాలక సంఘం అధ్యక్షులయ్యారు. 1919లో గాంధీజీ మద్రాసు వచ్చినప్పుడు ఆయనకు ఆతిథ్యమిచ్చారు. మరుసటి ఏడాదే ప్లీడరీ వదిలేశారు. 1921 చివర్లో వెల్లూరు జైలుకు వెళ్ళారు. 1925లో తిరుచెంగోడు దగ్గర పుదుపాళయంలో గాంధీ ఆశ్రమం పెట్టి, పిల్లలతో సహా అక్కడికే మకాం మార్చారు. చుట్టూ వానల్లేని పల్లెలు. నూలు వడికించడం, ఖద్దరు నేయించడం, అంటరానితనాన్ని పోగొట్టడం, కల్లు సారా మాన్పించడం ఆశ్రమం పనులు.

కల్లు మాన్పించడం అన్నిటికన్నా కష్టం. ఉపన్యాసాలు చెబితే జనం తలూపుతారు, సాయంత్రానికి మళ్ళీ అంగడి ముందుంటారు. రాజాజీ 1929లో విమోచనం అనే మాసపత్రిక మొదలుపెట్టారు. సహాయకుడుగా వచ్చిన యువకుడు తర్వాత తమిళ సాహిత్యంలో మహా రచయిత అయిన కల్కి కృష్ణమూర్తి. ఆ పత్రికలో రాజాజీ మద్యం గురించి కథలు రాశారు. అంతకు ఇరవై ఏళ్ళ ముందు, 1910లో, గురజాడ దిద్దుబాటుతో చేసిందీ ఇలాంటిదే. మంచి చెప్పదలచుకున్న మనిషి మంచి చెప్పడం మానేసి కథ చెప్పాడు. చదివినవాళ్ళే మంచిని వెతుక్కున్నారు.

ఉప్పు సత్యాగ్రహంతో పత్రిక ఆగింది. 1930లో రాజాజీ తిరుచ్చి నుంచి వేదారణ్యానికి నడిచి మళ్ళీ జైలుకు వెళ్ళారు. కథలు రాయడం మాత్రం ఆగలేదు.

ఒక్క చేతి వంట, ఎన్నో రుచులు

రాజాజీ కథలన్నీ ఒకచోట చేర్చి చూస్తే మొదట ఆశ్చర్యపరిచేది వాటి వైవిధ్యం. కల్లు వల్ల చితికిన సంసారాలు ఉన్నాయి. కులం గోడను తట్టి చూసే కథలున్నాయి. చిన్నపిల్లలకు చెప్పుకునే పొట్టి కథలున్నాయి. వాటి పక్కన మహాభారతం, రామాయణం ఉన్నాయి. రామాయణాన్ని ఆయన ముఖ్యమంత్రి పదవి వదిలాక కల్కి పత్రికలో వారం వారం రాశారు. దానికే 1958లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.

ఇలాంటి పుస్తకం బడికి ఎందుకు మంచిదో తరగతిలో నిలబడ్డవాళ్ళకు తెలుసు. ఒకే నవల నలభై మందికి నచ్చదు. నాలుగు పేజీల కథలు ఇరవై ఉంటే, పేజీలు తిప్పుతూ పోయే పిల్లవాడు ఎక్కడో ఒకచోట ఆగుతాడు. నవ్వించే కథ దగ్గర ఒకరు, జంతువుల కథ దగ్గర ఒకరు, తన ఇంటి కథలా ఉన్నచోట మరొకరు. నెమ్మదిగా చదివేవాడికి కూడా పీరియడ్ అయ్యేలోపు ఒక కథ పూర్తయిన తృప్తి దక్కుతుంది. ఆ తృప్తే రెండో కథ దగ్గరికి తీసుకెళ్తుంది.

వీటిలో దిక్కట్ర పార్వతి అనే కథ మనకు మరీ దగ్గరిది. దిక్కు అనే మాట మనదీ, తమిళుల దీ. అట్ర అంటే లేని. దిక్కులేని పార్వతి అన్నమాట. పేదింటి మొగుడూ పెళ్ళాలు అప్పు తెచ్చి బండి కొంటారు. బండితో పాటు సంతకు పోవడం, సంతతో పాటు తాగుడు వస్తాయి. అక్కడి నుంచి ఆ సంసారం ఎలా జారిపోయిందన్నదే కథ. రాజాజీ మరణం తర్వాత, 1974లో, దీన్ని తమిళంలో సినిమాగా తీసింది మన సింగీతం శ్రీనివాసరావు. పార్వతిగా లక్ష్మి నటించారు. సంగీతం వీణ చిట్టిబాబుది. చిత్రీకరణ జరిగింది తొరపల్లిలోనే. ఉత్తమ తమిళ చిత్రంగా జాతీయ పురస్కారం కూడా పొందింది. తమిళంలో రాసిన కథ తెలుగువారి చేతుల్లో మన పక్క ఊళ్ళో తెరకెక్కిందని మన పిల్లల్లో ఎందరికి తెలుసు?

కథకుడే పాలకుడైనప్పుడు

1937లో రాజాజీ మద్రాసు రాష్ట్రానికి ప్రధానమంత్రి అయ్యారు. అప్పట్లో ముఖ్యమంత్రిని అలా పిలిచేవారు. ఆ ఏడాది అక్టోబరు 1న మద్యనిషేధాన్ని మొదట సేలం జిల్లాలోనే పెట్టారు. అంటే మన హోసూరు, కృష్ణగిరి కూడా అందులో ఉన్నాయి. తర్వాత చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించారు. తగ్గిన ఆదాయం పూడ్చడానికి 1939లో అమ్మకం పన్ను తెచ్చారు. కథలో రాసినదాన్ని చట్టంలోనూ రాసిన మనిషి ఆయన. 1971లో నిషేధం ఎత్తివేయబోతున్నప్పుడు, 92 ఏళ్ళ వయసులో ముఖ్యమంత్రి ఇంటికి స్వయంగా వెళ్ళి వద్దని కోరారు. ఆ మాట చెల్లలేదు.

అయితే పిల్లలకు పూలదండ ఒక్కటే చూపిస్తే అది చరిత్ర కాదు. 1938లో ఆయన ప్రభుత్వం ఉన్నత పాఠశాలల్లో హిందీని తప్పనిసరి చేసింది. వెయ్యిమందికి పైగా నిరసనకారులు జైలుకు వెళ్ళారు. 1940లో ఆ ఆదేశం రద్దయింది. తర్వాతి కాలంలో రాజాజీయే హిందీని రుద్దడాన్ని వ్యతిరేకించారు. భాష విషయంలో బలవంతం పనికిరాదని అంతటి మేధావికి కూడా అనుభవం మీదే తెలిసింది.

1952లో మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు. పొట్టి శ్రీరాములు గారు మద్రాసులో నిరాహారదీక్షలో ప్రాణాలు విడిచింది ఆ ఏడాది డిసెంబరు 15న, ఆయన హయాంలోనే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. మద్రాసు నగరం అటు పోలేదు, మన హోసూరు, కృష్ణగిరీ పోలేదు. అదే ఏడాది పల్లెటూరి ప్రాథమిక బడుల్లో పిల్లలకు ఒక పూటే చదువు, మిగతా పూట ఇంటి వృత్తి నేర్చుకోవడం అనే పథకం తెచ్చారు. ఉన్న పంతుళ్ళతోనే ఎక్కువమంది పిల్లలకు చదువు చెప్పవచ్చన్నది ఆయన లెక్క. చెప్పులు కుట్టేవాడి కొడుకు చెప్పులే కుట్టాలా అన్నది జనం ప్రశ్న. 1954లో ఆయన పదవి వదిలారు. తర్వాత వచ్చిన కామరాజ్ ఆ పథకాన్ని ఎత్తేశారు. ఆ ఏడాదే రాజాజీకి భారతరత్న ఇచ్చారు. 1959లో స్వతంత్ర పార్టీ స్థాపించినప్పుడు ఆయన పక్కన నిలిచింది మన ఎన్.జి. రంగా గారు. 1972 డిసెంబరు 25న, 94 ఏళ్ళు నిండాక, రాజాజీ కన్నుమూశారు.

మన బడుల్లో ఏం చేద్దాం?

పోయిన ఏడాది ఎనిమిదో తరగతిలో పార్వతి కథను తెలుగులో చెప్పాను. తరగతి అంతా నిశ్శబ్దం. మా పిల్లల్లో కొందరి ఇళ్ళల్లో సాయంత్రాలు ఎలా ఉంటాయో నాకు తెలుసు కాబట్టి, చెప్పకుండా ఉండాల్సిందేమో అనిపించింది. బెల్లు కొట్టాక ఒక అమ్మాయి ఆగి, పార్వతికి చదువొచ్చా అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. మరునాడు ఆ అమ్మాయి నోటుపుస్తకంలో కథను మార్చి రాసి తెచ్చింది. అందులో పార్వతి అప్పు పత్రం తానే చదువుకుంటుంది, వేలిముద్ర వేయనంటుంది. ఒక పూట చదువు చాలనుకున్న పాలకుడికి, ఆయన రాసిన కథతోనే, డెబ్బై ఏళ్ళ తర్వాత ఆయన సొంత ప్రాంతపు ఆడపిల్ల ఇచ్చిన సమాధానంలా తోచింది నాకు.

2006 చట్టం వచ్చాక మన పిల్లలు ఒకటో తరగతి నుంచే తమిళం చదువుతున్నారు. అందులోని కష్టాలు మనకు తెలియనివి కావు. కానీ వచ్చిన అక్షరాన్ని వదులుకోవడం ఎందుకు? రాజాజీ తమిళం సరళంగా ఉంటుంది. ఎనిమిదో తరగతి పిల్లలు తమిళంలో ఒక కథ చదివి, ఐదో తరగతి పిల్లలకు తెలుగులో చెప్పవచ్చు. రెండు భాషలూ పదునెక్కుతాయి. చెప్పేటప్పుడు మాట వెతుక్కుంటారు కనుక తెలుగే ఎక్కువ పదునెక్కుతుంది.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. వారానికి ఒక రాత్రి, అన్నాలయ్యాక, పిల్లవాణ్ణి ఒక కథ చెప్పమనండి. ఏ భాషలో చదివినా సరే, ఇంట్లో మాత్రం తెలుగులో చెప్పమనండి. అవ్వ ఉంటే ఆమెనూ ఒకటి చెప్పమనండి. ఈసారి తొరపల్లి వెళ్ళినప్పుడు ఫొటోకు ముందు ఆ ఇంటి అరుగు మీద పిల్లల్ని కూర్చోబెట్టి ఒక కథ చెప్పించాలని నేను అనుకుంటున్నాను. ఏ కథన్నది పిల్లలే తేల్చుకుంటారు.