జలధారను జ్యోతిగా మార్చిన ఇంజనీరు

ఒకచోట దూకే నీరు దూరాననున్న యంత్రాన్ని త్రిప్పగలదని నేడు బడిపిల్లలకు సైతం తెలుసు. కాని 1899లో ఆ విషయాన్ని విశ్వసించి సంస్థానపు ధనాన్ని వెచ్చించడం సాహసమే. 1897లో డార్జిలింగులో ఒక చిన్న జలవిద్యుత్ కేంద్రం వెలసినా, అది సమీపంలోని ఊరి దీపాలకే పరిమితం. విద్యుత్తును సుదూరాన గల గనులకు చేర్చిన ఘనత అలేన్ జోలీ డి లాట్బినియర్‌ది.

ఆయన 1862లో కెనడాలో జన్మించారు. తండ్రి క్విబెక్ రాష్ట్ర ప్రధానిగా పనిచేసిన రాజకీయవేత్త. కింగ్‌స్టన్ సైనిక కళాశాలలో చదివి, బ్రిటిష్ సైన్యపు ఇంజనీర్ల దళంలో చేరి భారతదేశానికి వచ్చారు. మైసూరు సంస్థానంలో డిప్యూటీ చీఫ్ ఇంజనీరు అయ్యారు.

ఆ కాలంలో కోలారు బంగారు గనులు ఆవిరి యంత్రాలపై నడిచేవి. వాటికి కావలసిన బొగ్గు దూరప్రాంతాల నుండి రావలసి ఉండడంతో వ్యయం అధికమయ్యేది. శివసముద్రం వద్ద సుమారు 400 అడుగుల ఎత్తునుండి దిగే కావేరి శక్తి మాత్రం వృథా అయ్యేది. ఆ రెంటినీ జోడించాలని లాట్బినియర్ సంకల్పించారు. దివాన్ శేషాద్రి అయ్యర్ అందుకు అండగా నిలిచారు. ఐరోపా, అమెరికా దేశాలలో పర్యటించి, అక్కడి విద్యుత్ కేంద్రాలను పరిశీలించి వచ్చి లాట్బినియర్ పని చేపట్టారు.

గనులు 92 మైళ్ళ దూరాన ఉన్నాయి. తీగలలో ప్రవాహం ఎక్కువైన కొద్దీ శక్తి వేడి రూపంలో నష్టమవుతుంది. అందువల్ల ఓల్టేజిని బాగా పెంచి, ప్రవాహాన్ని తగ్గించి పంపే పద్ధతిని అనుసరించారు. 1902 జూన్ 30న విద్యుత్తు కోలారును చేరింది. చిత్తూరు ప్రాంతం నుండి వలసవచ్చిన తెలుగువారు, తమిళ సోదరులు చెమటోడ్చిన ఆ గనులలో యంత్రాలు కావేరి శక్తితో కదిలాయి. అయితే ఆ దృశ్యం చూసే భాగ్యం శేషాద్రి అయ్యర్‌కు దక్కలేదు. ఆయన 1901లోనే కన్నుమూశారు. 1905లో బెంగళూరు వీధులలో విద్యుద్దీపాలు వెలిగాయి.

అనంతరం లాట్బినియర్ కాశ్మీరులో జీలం నదిపై మొహోరా కేంద్రాన్ని నిర్మింపజేశారు. నీటిని ఆరు మైళ్ళకు పైగా కొయ్యకాలువలో నడిపించారు. 1903 వరదల తరువాత నదిలో పూడిక తీసే యంత్రాలకు ఆ విద్యుత్తు ఉపకరించింది. దానితో శ్రీనగరానికి రైలు నడపాలన్న యోచన మాత్రం ఫలించలేదు. కాశ్మీరు లోయను దేశంతో కలిపే రైలుమార్గం 2025లో గాని పూర్తికాలేదు.

మొదటి ప్రపంచయుద్ధంలో గల్లిపోలి వద్ద సేనలకు ఇంజనీరుగా సేవలందించి, ఆయన 1944లో పరమపదించారు. కోలారు గనులు 2001లో మూతపడ్డాయి. శివసముద్రం కేంద్రం మాత్రం నూరేళ్ళు దాటి పనిచేసింది. కొన్ని పనులు కర్త జీవితకాలంలోనే నెరవేరుతాయి, కొన్ని ముందుతరాలకు మిగులుతాయి. రెంటికీ ఒకే శ్రద్ధ చూపడమే ఆయన జీవితం విద్యార్థులకు బోధించే పాఠం.