రెండు కుర్చీల సతీశ్ ధవన్

సూళ్లూరుపేటలో దిగి పులికాట్ సరస్సు మధ్యగా శ్రీహరికోట వెళ్లే రోడ్డు మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ రోడ్డు చివరన ఉన్న అంతరిక్ష కేంద్రానికి సతీశ్ ధవన్ పేరు పెట్టారు. ఆయన పేరు వినగానే మీకు ఒకే కథ గుర్తొస్తుంది. 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వీ-3 సముద్రంలో పడినప్పుడు విలేకరుల ముందు తప్పంతా తన నెత్తినేసుకున్నారు. మరుసటి ఏడాది జులై 18న అదే రాకెట్ గెలిస్తే మైకు కలాం చేతికిచ్చారు. కలాం చాలా సభల్లో చెప్పిన కథ అది, మంచిదే. కానీ రీసెర్చ్ వైపు వెళ్దామనుకునే మీకు అంతకంటే పనికొచ్చే ధవన్ ఇంకొకరున్నారు: డబ్బు, ఫైళ్లు, ఆఫీసుల ధవన్.

1920లో శ్రీనగర్‌లో పుట్టారు. లాహోర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్‌తో డిగ్రీ, ఇంగ్లిష్ సాహిత్యంలో ఎంఏ, ఆపైన మెకానికల్ ఇంజినీరింగ్. (ఇలాంటి కాంబినేషన్‌కి మన కౌన్సెలింగ్‌లో ఆప్షనే ఉండదు.) అమెరికాలో కాల్‌టెక్ నుంచి 1951లో పీహెచ్‌డీ తెచ్చుకుని బెంగళూరు ఐఐఎస్‌సీలో చేరారు. 1962లో దానికే డైరెక్టర్ అయ్యారు.

1971 డిసెంబరు 30న విక్రమ్ సారాభాయ్ హఠాత్తుగా చనిపోయారు. అప్పుడు కాల్‌టెక్‌లో ఉన్న ధవన్‌ని ఇస్రో పగ్గాలు పట్టమని ఇందిరా గాంధీ కోరారు. ఆయన రెండు షరతులు పెట్టారు: ఐఐఎస్‌సీ డైరెక్టర్‌గా కొనసాగనివ్వాలి, అంతరిక్ష కార్యక్రమం ప్రధాన కార్యాలయం బెంగళూరులో ఉండాలి. రెండూ ఒప్పుకున్నారు. అలా 1972 నుంచి ఒకే మనిషికి రెండు కుర్చీలు. ఒకటి పరిశోధనకి డబ్బు అడిగేది, ఇంకొకటి ఇచ్చేది.

ఇందులో కష్టం ఎక్కడుందో చూడండి. మీ ప్రొఫెసర్‌కి ఒక ప్రాజెక్టు సాంక్షన్ అయిందనుకోండి. ఆ డబ్బు ఆయన జేబులోకి రాదు, యూనివర్సిటీ ఖాతాలో పడుతుంది. దానికి విడిగా లెక్క రాయాలి. పరికరం కొనాలంటే కొటేషన్లు, టెండరు. మీలాంటి జేఆర్‌ఎఫ్‌ని తీసుకోవాలంటే ప్రకటన, ఇంటర్వ్యూ. ఏడాది చివర వినియోగ ధ్రువపత్రం, అదే యూసీ పంపాలి. అది వెళ్లకపోతే తర్వాతి విడత రాదు, విడత రాకపోతే మీ స్టైపెండ్ ఆగుతుంది. ల్యాబ్‌లో ఏ తప్పూ జరక్కుండానే ఆరు నెలలు జీతం లేకుండా గడిపిన స్కాలర్లు నాకు తెలుసు. ఈ పనంతా చూసే ఆఫీసు లేని చోట ప్రొఫెసరే గుమాస్తా అవుతారు.

ధవన్ హయాంలో, ఆర్యభట్ట ఎగిరిన 1975లోనే, ఐఐఎస్‌సీలో ఒక కన్సల్టెన్సీ కేంద్రం మొదలైంది. పేరు సీఎస్ఐసీ. పరిశ్రమలకి సమస్య వస్తే తలుపు తట్టాల్సిన చోటు అది. అవతల ఇస్రో వైపు, 1970లలోనే రెస్పాండ్ అనే పథకం వచ్చింది. అంతరిక్షానికి పనికొచ్చే అంశం మీద అధ్యాపకులు తమ సంస్థ ద్వారా ప్రతిపాదన పంపితే, నిపుణులు చూసి గ్రాంటు ఇస్తారు. ఇప్పటికీ నడుస్తోంది. 1982లో ఇంకో మెట్టు ఎక్కి, ఐఐఎస్‌సీ క్యాంపస్‌లోనే ఇస్రో స్పేస్ టెక్నాలజీ సెల్ పెట్టారు. ఏ పని చేయాలో ఇస్రో వాళ్లూ ప్రొఫెసర్లూ కలిసి కూర్చుని తేల్చుకునే ఏర్పాటు. అప్పటికి ధవన్ డైరెక్టర్ కుర్చీ దిగి ఏడాదైంది, ఇస్రోలో మాత్రం ఉన్నారు. తర్వాత బొంబాయి, మద్రాసు లాంటి ఐఐటీల్లోనూ ఇలాంటి సెల్స్ వచ్చాయి.

ఇచ్చే చెయ్యీ పుచ్చుకునే చెయ్యీ ఒకరివే అయితే ఎలా అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. నా లెక్కలో, సరిగ్గా అందుకే ఆఫీసు కావాలి: ఎంపిక కమిటీది, ఖాతా విడిది అయినప్పుడు సంతకం ఎవరిదన్నది అంత ముఖ్యం కాదు. ఇంకో మాటా ఒప్పుకోవాలి. ఈ సెల్స్ ముందు పెద్ద సంస్థల గడపే తొక్కాయి. శ్రీహరికోట పక్కనే ఉన్నా మన జిల్లా కాలేజీలకి ఆ అలవాటు ఇంకా పూర్తిగా అబ్బలేదు. యూనివర్సిటీలన్నీ ఆర్ అండ్ డీ సెల్ పెట్టుకోవాలని యూజీసీ మార్గదర్శకాలు ఇచ్చింది 2022లో! మీరు ప్రాజెక్టులో చేరే ముందు గైడ్ పేరుతో పాటు, ఆ సెల్‌లో ఎవరున్నారో, కిందటేడు యూసీ ఎప్పుడు వెళ్లిందో అడగండి. ఇలాంటి సెల్స్‌లో ప్రాజెక్టు మేనేజర్, అకౌంట్స్, కొనుగోళ్ల పోస్టులూ ఉంటాయి, వాటి మీదా ఓ కన్నేయండి.

ధవన్ 1984లో ఇస్రో వదిలారు. ఆ తర్వాత పక్షులు ఎలా ఎగురుతాయో లెక్కగట్టడంలో పడి, 1991లో దాని మీద పుస్తకం తెచ్చారు. పులికాట్ పక్షులంటే ఆయనకి ప్రత్యేకమైన ఇష్టం. 2002 జనవరి 3న బెంగళూరులో కన్నుమూశారు. అదే ఏడాది సెప్టెంబరు 5న షార్‌కి ఆయన పేరు పెట్టారు.