వైమానికుడు లింకన్ బీచీ

విమానవిద్య శైశవదశలో నుండిన దినములలో ఆకాశమున నద్భుత సాహసములు చూపి జనులను ముగ్ధులను గావించిన వారిలో అమెరికా దేశీయుడగు లింకన్ బీచీ అగ్రగణ్యుడు. ఆతని చరిత్రము సాహసమునకేగాక సాహసమునకు గల మేరకును తార్కాణమైయున్నది.

బీచీ 1887 మార్చి 3వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున జన్మించెను. తొలుత వాయునౌకలను నడపి, 1906లో వాషింగ్టను స్మారకస్తంభమును చుట్టివచ్చి పేరుగాంచెను. 1911 జూనులో నయాగరా జలపాతముమీదుగా నెగిరి, దిగువ లోయలోనికి దిగి, వంతెన క్రిందుగా దూరిపోయెను. ఆ యేటి ఆగస్టులో చికాగోలో 11,642 అడుగుల యెత్తునకు పోయి ప్రపంచమున నంతవరకెవ్వరును చేరని మేర నందుకొనెను. తొట్టిలోని పెట్రోలు తరుగువరకు పైకి పోయి, ఇంజను ఆగిన పిమ్మట గాలిలో జారుచు దిగుటయే ఆతని యుపాయము. రెక్కలు చెక్కుచెదరకున్నచో ఇంజను ఆగినను నేర్పరి క్షేమముగా నేల చేరగలడని దీనివలన తేలినది.

తన్ను జూచి యనుకరింపబోయిన వైమానికులు పలువురు మరణించుటచే మనసు విరిగి, 1913లో బీచీ విమానము నడపుట మానుకొనెను. కాని ఆ సెప్టెంబరులో రష్యాలో నెస్తెరోవును, ఫ్రాన్సులో పెగూయును విమానమును నిలువు చక్రముగా త్రిప్పిరి. పెగూ విమానమును బ్లేరియో ముందే గట్టిపరచియుండెను. ఆ వార్త విని బీచీ ఊరకుండలేకపోయెను. అక్టోబరులో హామండ్స్‌పోర్టున ఆతని విమానము కప్పుమీద నిలిచి చూచుచున్న వారికి తగిలి ఒక యువతి మృతినొందెను. అయినను నవంబరులో శాండియాగోలో తానును చక్రము త్రిప్పి, మరుసటి యేడు 80 అశ్వశక్తుల నోమ్ ఇంజను గల చిన్న జంటరెక్కల విమానముతో దేశమంతట ప్రదర్శనలిచ్చెను.

ఇచ్చట నొక విషయము గమనింపదగినది. విమానము క్రిందికి దూకి మరల పైకి తిరుగునపుడు రెక్కలు దాని బరువునేగాక, దారి వంచుటకు వలయు బలమునుగూడ మోయవలెను. వేగము రెండింతలైనచో, అదే తీరున లాగినపుడు రెక్కలపై గాలిబలము నాలుగింతలగును. జంటరెక్కల విమానమునకు గుంజలు, తీగలు మెండు. అవి రెక్కలను పట్టి నిలుపుటయేగాక, గాలి కడ్డుపడి వేగమును మితిమీరనీయవు. నునుపైన ఒంటిరెక్కల విమానమునకట్టి యడ్డంకి తక్కువ.

బీచీ 1915లో అట్టి ఒంటిరెక్కల విమానమునే సమకూర్చుకొనెను. శాన్‌ఫ్రాన్సిస్కోలో పనామా-పసిఫిక్ ప్రదర్శనము జరుగుచుండగా, మార్చి 14వ తేదీన దానిపై తలక్రిందులుగా నెగురుచుండెను. ఎత్తు తరిగిపోయెను. విమానమును సరిజేయుటకు లాగినంతనే రెక్కలలోని వెనుకటి దూలములు విరిగెను. విమానము సముద్రపు పాయలో కూలెను. దేహమును పరీక్షించిన వైద్యులు ఆతడు దెబ్బలవలన గాక నీట మునిగి మరణించెనని తేల్చిరి. ఆతని వయస్సు 28 సంవత్సరములు మాత్రమే.

ఆతని చేతినేర్పు నెవ్వరును శంకింపలేదు. జంటరెక్కల విమానముపై నలవడిన నేర్పునే కొత్త విమానముపై చూపబోయెను. దాని దూలముల మేర వేరైయుండెను. తరువాతి కాలమున నిర్మాతలు ఈ మేరను లెక్కగట్టి నియమముగా నేర్పరచిరి. అమెరికా నిబంధనలలో చిరకాలము నిలిచిన కొలత ప్రకారము సామాన్యపు తేలికవిమానము తన బరువునకు 3.8 రెట్లును, విన్యాసములకై కట్టినది 6 రెట్లును, తలక్రిందు దెసలో 3 రెట్లును భరింపవలెను. అంతకు ఒకటిన్నర రెట్లు బరువు పడువరకు విరుగరాదు. ఏ వేగము దాటిన పిమ్మట చుక్కానిని నిండుగా లాగరాదో కూడ నిర్ణయించిరి. ఇంజనునకును మేర కలదు: తలక్రిందైనపుడు సామాన్యపు ఇంజనుకు పెట్రోలు, నూనె సరిగా నందవు, నిటారుగా దూకునపుడు పంకా మితిమీరి తిరుగును.

మేర నెరిగినవాని ధైర్యమే నిలుచును. లోహమునకు, కొయ్యకు ప్రేక్షకుల కరతాళములు వినబడవు. వానికి తెలిసినది బరువొక్కటియే.