నదీతీరాన గంట మోగించిన గురువు

ఆసియా ఖండంలో కతోలికులు అత్యధికంగా ఉన్న దేశం ఫిలిప్పీన్సు. అక్కడికి క్రీస్తు సువార్త ఎలా చేరిందని అడిగితే చాలామంది మజెల్లాన్ పేరు చెబుతారు. 1521లో సెబూ ద్వీపంలో జరిగిన జ్ఞానస్నానాలను గుర్తు చేస్తారు. కాని ఆనాడు చల్లిన విత్తనం వేరూనడానికి మరో అర్ధశతాబ్దం పట్టింది. తగలోగ్ ప్రజల నదీతీర గ్రామాల్లో ఆ మొక్కకు నీరు పోసినవారిలో ముఖ్యులు ఫ్రాన్సిస్కన్ సభకు చెందిన ఫాదర్ హువాన్ దె ప్లసెన్సియా.

స్పెయిను దేశంలోని ప్లసెన్సియా పట్టణం ఆయన స్వస్థలం. ఇంటిపేరు పోర్తొకర్రేరొ. సభలో చేరాక ఆనాటి ఆచారం ప్రకారం ఇంటిపేరు విడిచి, పుట్టిన ఊరిపేరే తన పేరు చేసుకున్నారు. ఆ రోజుల్లో స్పెయినువారు రెండు మహాసముద్రాలు దాటి, మధ్యలో మెక్సికో దేశం మీదుగా ఫిలిప్పీన్సు చేరేవారు. ఆ దారినే 1578లో మనీలాకు వచ్చిన మొదటి ఫ్రాన్సిస్కన్ గురువుల బృందంలో ఆయన ఒకరు.

ఆయన కంటే ముందు అక్కడికి కత్తి వచ్చింది. 1571లో లెగాస్పి మనీలాను స్పెయిను రాజు వశం చేశాడు. అదే సంవత్సరం అతని మనుమడు సల్సేదో సైనికులతో వెళ్ళి, మనీలాకు ఆగ్నేయంగా ఉన్న లగూన అనే పెద్ద సరస్సు చుట్టుపట్ల గ్రామాలను లొంగదీశాడు. గ్రామాలను స్పెయిను దొరలకు పంచిపెట్టారు. ప్రజలు వారికి కప్పం కట్టాలి. కాబట్టి ఈ ప్రజలకు తెల్లవాడంటే మొదట తెలిసింది సైనికుడు, ఆ తరువాత కప్పం వసూలు చేసేవాడు. గురువు వచ్చింది చివరన. ప్లసెన్సియా గారి ముందున్న అసలు కష్టం ఇదే.

తగలోగ్ అనే మాటకు నదివాసులు అని అర్థం చెబుతారు. వారి గ్రామసమాజం పేరు బరంగాయ్. ఆ మాటకు అసలు అర్థం పడవ అని ఆయనే వ్రాసి ఉంచారు. ఒక పడవలో వచ్చిన కుటుంబాలు ఒక నాయకుడి కింద ఒక ఊరయ్యాయన్న మాట. అటువంటి చిన్న చిన్న పల్లెలు నదుల వెంట, పొలాల మధ్య చెదురుమదురుగా ఉండేవి. ప్లసెన్సియా గారు తోటి గురువు దియేగో దె ఓరోపేసాతో కలిసి ఆ పల్లెలు తిరిగారు. సరస్సులో కలిసే నది ఒడ్డున లుంబన్, ఇంకా పీల, పంగిల్, నగ్‌కార్లన్, లిలివ్, మహాయ్‌హాయ్, తయాబస్ మొదలైన ఎన్నో ఊళ్ళ స్థాపన ఆయన పేరుతో ముడిపడి ఉంది.

ఆ పని ఎలా జరిగేది? ఒకచోట దేవాలయం కట్టి గంట వేలాడదీసేవారు. ఆ గంట వినబడేంత దూరంలోకి వచ్చి ఇళ్ళు కట్టుకోమని జనాన్ని పిలిచేవారు. గురువులు కొద్దిమందే. జనం ఒకచోట చేరితే సత్యోపదేశం చెప్పవచ్చు, పిల్లలకు చదువు నేర్పవచ్చు, రోగులను చూడవచ్చు. అయితే ఒకచోట చేరిన జనం దగ్గర కప్పం వసూలు చేయడం కూడా తేలికే. ప్రార్థనకు పిలిచిన గంటే పరాయి ప్రభుత్వానికి కూడా ఊడిగం చేసింది. తాతల నాటి పొలం గట్టు విడిచి రావడానికి ఎందరో ఇష్టపడలేదు. ఈ చరిత్రను చదివేటప్పుడు రెండు వైపులా చూడాలి.

ప్లసెన్సియా గారు దిద్దగలిగినంత మేరకు దిద్దే ప్రయత్నం చేశారు. దానికి ఆయన ఎన్నుకున్న సాధనం భాష. 1580లో ఆయన సభ తగలోగ్ వ్యాకరణం, నిఘంటువు, సత్యోపదేశ గ్రంథం సిద్ధం చేసే పని ఆయనకు అప్పగించింది. మనీలా మొదటి పీఠాధిపతి దొమింగో దె సలసార్ గారు 1582లో జరిపిన మహాసభ, సువార్తను ప్రజల సొంత భాషలోనే బోధించాలన్న మార్గాన్ని బలపరచింది. స్పెయినువారు స్థానికులను బానిసలుగా ఉంచుకోవడాన్ని కూడా ఆ సభ ఖండించింది.

తగలోగ్ ప్రజలకు అప్పటికే బైబాయిన్ అనే సొంత లిపి ఉంది. మన తెలుగు లిపిలాగే అది కూడా బ్రాహ్మీ కుటుంబానిదే. అచ్చులు మూడు, హల్లులు పద్నాలుగు. అక్షరం పైన చుక్క పెడితే ఇకారం, కింద పెడితే ఉకారం. మన గుణింతానికి అది దూరపు చుట్టం.

1589లో గవర్నరు కోరిక మీద ఆయన తగలోగ్ ప్రజల ఆచారాలను గురించి ఒక నివేదిక వ్రాశారు. అందుకోసం వివిధ ప్రాంతాల నుండి తెలిసిన వృద్ధులను పిలిపించి, వారి నోటి వెంట విన్నారు. ఆ సమాజంలో అలిపిన్ అనేవారు రెండు రకాలు. ఒకరు సొంత ఇంట ఉంటూ యజమానికి పనిచేసి పంటలో భాగం ఇచ్చేవారు. వారిని అమ్మడానికి వీల్లేదు. రెండోవారు యజమాని ఇంటిలోనే ఉండేవారు. వారిని అమ్మవచ్చు. ఈ తేడా తెలియని స్పెయిను అధికారులు మొదటివారి బిడ్డలను కూడా బానిసల కింద జమకట్టి అన్యాయంగా తీర్పులు చెబుతున్నారని ఆయన గుర్తించి వ్రాశారు. తెలియని న్యాయాధికారి సంతకంతో ఒక తల్లి బిడ్డను పోగొట్టుకునే కాలం అది. తరువాత ఆ నివేదికే న్యాయాధికారులకు ఆధారమైంది.

ఆయనలో లోపాలు లేవని కాదు. ప్రజల పాత పూజలను, పూజారిణులను గురించి అదే కలంతో చాలా కఠినంగా వ్రాశారు. సైతాను పని తప్ప మరేమీ వాటిలో ఆయనకు కనబడలేదు. బానిసత్వంలోని రకాలను విడదీసి చూపారు గాని, ఆ వ్యవస్థ మొత్తాన్ని కూలదోయలేదు. ఆయన తన కాలపు మనిషి.

1590లో లిలివ్ గ్రామంలో ఆయన కన్నుమూశారు. మూడేళ్ళ తరువాత, 1593లో, మనీలాలో క్రైస్తవ సత్యోపదేశం అచ్చయింది. చెక్కపలకల మీద అక్షరాలు చెక్కి ముద్రించిన ఆ చిన్న పుస్తకంలో పరలోక జపం, మంగళవార్త జపం, విశ్వాస సంగ్రహం, పది ఆజ్ఞలు స్పానిష్‌లోను, తగలోగ్‌లోను ఉన్నాయి. తగలోగ్ పాఠాన్ని రోమను లిపిలో, బైబాయిన్ లిపిలో కూడా ఇచ్చారు. వెల రెండు రియాళ్ళు. ఆ పాఠానికి మూలం ప్లసెన్సియా గారి రచనే అని పండితులు ఎక్కువమంది భావిస్తారు. పుస్తకం మీద ఆయన పేరు లేదు. నేడు లోకంలో తెలిసిన ప్రతి ఒక్కటే. 1946లో పారిస్‌లో బయటపడి, ఇప్పుడు అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయంలో ఉంది.

మన దక్షిణ దేశంలోనూ ఇటువంటి కృషి జరిగింది. ప్లసెన్సియా గారు మనీలా చేరిన 1578లోనే, కొల్లంలో ఫాదర్ హెన్రీక్స్ తమిళంలో సత్యోపదేశాన్ని అచ్చు వేయించారు. ఇద్దరూ ఒకరినొకరు ఎరుగరు. తెలిసిన సత్యం మాత్రం ఒకటే. ఎదుటివాడి భాష నేర్చుకోకుండా అతనికి దేవుణ్ణి గురించి చెప్పలేం.

ప్రియ పాఠకులారా, గంట కొట్టి జనాన్ని పిలవడం తేలిక. వచ్చినవారి మాట కూర్చుని వినడం కష్టం. ప్లసెన్సియా గారు రెండూ చేశారు. అన్యాయానికి గురైనవారికి ఆయన వలన కలిగిన మేలు మాత్రం, వృద్ధుల ఎదుట కూర్చుని విన్న ఆ ఘడియల్లోనే పుట్టింది.