పక్షిశాస్త్రవేత్త సాలిం అలీ

సాలిం అలీ 1896లో బొంబాయిలో జన్మించెను. బాల్యమున ఒకనాడు తుపాకితో ఒక పిచ్చుకను కొట్టి, దాని కంఠమున పసుపుపచ్చని మచ్చను చూచి ఆశ్చర్యపడెను. దాని పేరు తెలిసికొనగోరి బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు పోయెను. ఆ జిజ్ఞాసయే ఆయన జీవితమునకు దారి చూపెను.

1931లో ఆయన హైదరాబాదు రాజ్యమున పక్షుల పరిశీలనకు పూనుకొనెను. అడవులును చెరువుగట్లును తిరిగి, ఏ పక్షి ఎచ్చట కనబడినదో ఓపికతో వ్రాసియుంచెను. 1987లో ఆయన పరమపదించెను.

1998లో హైదరాబాదున హైటెక్ సిటీ వెలసెను. చుట్టునున్న రాతిగుట్టలు, పొదలు అనేకము మేడలకు చోటిచ్చినవి. మానవుని వలన ఏ ప్రాణి ఎచ్చట నెలవు కోల్పోయెనో పటమున గుర్తింపవలెనన్న, పూర్వము అది ఎచ్చట నుండెనో తెలియవలెను గదా! అందులకు ఆయన వ్రాతలే ఆధారము.

బాలలారా! మీ ఊరి చెరువున నేడున్న పక్షులను మీరును వ్రాసియుంచుడు.