పురుగు కథ చెప్పిన అడ్మిరల్

పటాన్‌చెరు, సంగారెడ్డి వైపు ప్రోగ్రాంతో నడిచే మిషన్లున్న ఫ్యాక్టరీల్లో అమ్మాయిల్ని అడగండి. ప్రోగ్రాంలో తప్పు దొర్లితే ‘బగ్’ అంటారు. బగ్ అంటే పురుగు. ఆ పేరు పెట్టింది గ్రేస్ హాపర్ అని చాలామంది నమ్మకం. నిజానికి ఆమె పెట్టలేదు!

గ్రేస్ 1906లో న్యూయార్క్‌లో పుట్టింది. ఏడేళ్లప్పుడు లోపలేముందో చూద్దామని ఇంట్లో ఏడు అలారం గడియారాలు విప్పేసింది. ఇకమీదట ఒక్కటే విప్పుకోమంది తల్లి. ఎంత మంచి తల్లో! 1934లో యేల్‌లో గణితం డాక్టరేట్, వాస్సర్ కాలేజీలో ఉద్యోగం. అంతలో యుద్ధం వచ్చింది. నౌకాదళంలో చేరతానంటే వయసెక్కువన్నారు. బరువు ఏడు కిలోలదాకా తక్కువన్నారు. పట్టుబట్టి 1943 డిసెంబరులో చేరింది. హార్వర్డ్‌లో యాభై అడుగుల పొడవున్న మార్క్-1 లెక్కల యంత్రం దగ్గర వేశారు.

1947 సెప్టెంబరు 9న దాని తర్వాతి యంత్రం మార్క్-2 మొరాయించింది. వెతికితే రిలేలో రెక్కలపురుగొకటి ఇరుక్కుని చచ్చి ఉంది. దాన్ని లాగ్‌బుక్‌లో టేపుతో అతికించి, అసలు సిసలు బగ్ దొరకడం ఇదే మొదటిసారని సరదాగా రాసుకున్నారు. ఆ మాట అప్పటికే వాడుకలో లేకపోతే ఈ జోకు ఎవరికర్థమవుతుంది చెప్పండి? ఎడిసన్ 1878లోనే ఓ ఉత్తరంలో వాడాడు. యుద్ధకాలంలో మిలటరీ రాడార్లు, రేడియోలు బాగుచేసేవాళ్ల నోళ్లలో నానింది. పురుగు దొరికినప్పుడు గ్రేస్ అక్కడ లేనేలేదు. కాకపోతే సభల్లో ఆ కథ ఎంత కమ్మగా చెప్పేదంటే, జనం మాటనీ ఆమె ఖాతాలోనే వేసేశారు.

ఆమె నిజంగా చేసిన పని మాత్రం మరుగునపడింది. యంత్రానికి అంకెల్లో ఆజ్ఞలు రాయడం ప్రాణం తీసే పని. మనిషి రాసినదాన్ని యంత్రమే తన భాషలోకి మార్చుకునే కంపైలర్‌ని 1952లో తయారుచేసింది. కంప్యూటర్ లెక్కలే చేస్తుంది, ఇలాంటివి చేయలేదని పెద్దలు కొట్టిపారేశారు. ఆమె మామూలు ఇంగ్లిషు మాటలతో ప్రోగ్రాం రాసే పద్ధతి కూడా తెచ్చింది. 1959లో మొదలైన కోబాల్‌కి అదే పునాది. బ్యాంకు ఖాతాలూ, జీతాల లెక్కలూ ఏళ్ల తరబడి దాని మీదే నడిచాయి.

1966లో రిటైరైతే, మరుసటేడే ఆరు నెలలకని వెనక్కి పిలిచారు. ఆ ఆరు నెలలు 1986దాకా సాగాయి! 79 ఏళ్లకి రియర్ అడ్మిరల్‌గా దిగింది. 1992 జనవరి 1న కన్నుమూసింది. ఆ లాగ్‌బుక్ ఇప్పుడు అమెరికాలోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది, పురుగుతో సహా.